ముందు చెక్క, ఆ తర్వాతే మోటారు

పోయిన నెల ఇదే పేజీలో చెక్క కిట్టుతో రిమోట్ రేసు పడవ కట్టుకోవడం గురించి క్లుప్తంగా రాస్తే చాలా ఉత్తరాలొచ్చాయి. ఎక్కువ మంది అడిగింది మోటారు గురించే. ఎంత కేవీ (ఒక్క వోల్టుకి మోటారు తిరిగే చుట్లు), బ్యాటరీలో ఎన్ని సెల్లులు, గంటకి ఎన్ని కిలోమీటర్లు అని. వాటికి జవాబులు కింద ఉన్నాయి. కానీ అదే మోటారు, అదే బ్యాటరీ, అదే ప్రొపెల్లర్ పెట్టిన రెండు పడవల్లో ఒకటి దూసుకుపోయి రెండోది వెనకబడిందంటే, తేడా చాలాసార్లు చెక్క పనిలోనే ఉంటుంది. అందుకని చెక్క పని మీద వచ్చిన ప్రశ్నలకి ఈసారి ఎక్కువ చోటిచ్చాను.

ప్రశ్న: ఇంజినీరింగ్ మూడో ఏడాది. ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి ఒక పడవ కడదామనుకుంటున్నాం. అవుట్‌రిగ్గర్ రకం అన్నిటికన్నా స్పీడని విన్నాం. మొదటిసారే అది మొదలుపెట్టొచ్చా? లేక రెడీమేడ్ ఫైబర్ పడవ కొనుక్కోవడం మేలా? (విజయవాడ)

జవాబు: అవుట్‌రిగ్గర్ తెలియని పాఠకుల కోసం చెప్తాను. దానికి మధ్యలో సన్నటి పెట్టె ఉంటుంది, ముందువైపు అటూ ఇటూ కడ్డీల చివర స్పాన్సన్లు అనే రెండు తేలే దిమ్మలుంటాయి. దాన్ని కట్టడం నిజానికి తేలికే, ఎందుకంటే దాదాపు అన్నీ తిన్నని పలకలే, వంచాల్సింది తక్కువ. నడపడమే కష్టం. గాలికి నీళ్ళు కాస్త కదిలినా, వేగంలో ముక్కు కిందికి గాలి దూరినా, లేచి వెల్లకిలా పడిపోతుంది. మీ దగ్గర్లో ఉన్న నీళ్ళు ఎలాంటివో చూసుకుని రకాన్ని ఎంచుకోండి, స్పీడు లెక్కలు చూసి కాదు. సాయంత్రం గాలి తగిలే చెరువైతే 65 నుంచి 75 సెంటీమీటర్ల డీప్ వీ కట్టండి. దాని అడుగు వి ఆకారంలో ఉంటుంది కాబట్టి చిన్న అలల్ని కోసుకుంటూ పోతుంది. కట్టడం మాత్రం కొంచెం కష్టం. ముక్కు దగ్గర ప్లైవుడ్‌ని వంచుతూనే మెలిపెట్టాలి, బలవంతంగా వంచితే టప్పున విరుగుతుంది. ఆ భాగాన్ని వేడినీళ్ళతో తడిపి, బట్టల క్లిప్పులతో ఫ్రేముకి పట్టించి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున పూర్తిగా ఆరిందని తేలాకే జిగురు పెట్టండి.

రెడీమేడ్ కొంటే ఆ రోజే నీళ్ళలో వేస్తారు, అది నిజమే. కానీ రేసు పడవకి దెబ్బ తగలకుండా ఉండదు. గట్టుకి కొట్టుకున్న రోజున, లోపల ఏ ఫ్రేము ఎక్కడుందో తన చేత్తో అతికించినవాడికే తెలుస్తుంది. మీరు ముగ్గురున్నారు, చదువూ ఆ వైపే, కట్టుకోండి. కిట్టు ధర చూసి మాత్రం బడ్జెట్ వేసుకోవద్దు. డ్యూమాస్ లాంటి పేరున్న అమెరికా కంపెనీ కిట్లయినా, ఇప్పుడొస్తున్న లేజర్ కటింగ్ కిట్లయినా, పెట్టెలో ఉండేది ప్రధానంగా చెక్క ముక్కలు, ప్లాను. మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని అదుపు చేసే పరికరం), రేడియో, షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు), చుక్కాని, బ్యాటరీ, ఛార్జరు మామూలుగా విడిగా కొనాల్సిందే, చాలాసార్లు వాటి ఖర్చే చెక్క ఖర్చు కంటే ఎక్కువ. పైగా బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకాన్ని వస్తువు ధర మీదే కాదు, రవాణా ఖర్చు, బీమా కూడా కలిపి లెక్కగడతారు. పెట్టె పెద్దది కాబట్టి ఆ సుంకం బాగానే పడుతుంది.

ప్రశ్న: మేం సియాటిల్ దగ్గర సమామిష్‌లో ఉంటాం. వేసవిలో సీఫెయిర్ వేడుకల్లో లేక్ వాషింగ్టన్ సరస్సు మీద హైడ్రోప్లేన్ (నీళ్ళని తాకీ తాకకుండా దూసుకుపోయే పడవ) రేసులు చూశాక మా అమ్మాయి (11 ఏళ్ళు) అలాంటిదే కడదామని ఒకటే గొడవ. ఎనిమిదో వంతు సైజు కిట్టు కొన్నాం. నాకు చెక్క పని కొత్త. ముఖ్యంగా ఏం చూసుకోవాలి? (వాషింగ్టన్ రాష్ట్రం, అమెరికా)

జవాబు: మీ అమ్మాయి మంచి ఊళ్ళో అడిగింది. 1950 జూన్ 26న అదే సరస్సు మీద స్లో-మో-షన్ ఫోర్ అనే పడవ గంటకి 160 మైళ్ళు, అంటే దాదాపు 258 కిలోమీటర్ల వేగంతో ప్రపంచ రికార్డు పెట్టింది. డిజైన్ టెడ్ జోన్స్‌ది, కట్టింది యాంకర్ జెన్సెన్, యజమాని స్టాన్లీ సేయర్స్. అదే ఏడాది డెట్రాయిట్‌లో గోల్డ్ కప్ గెలిచింది, దాంతో మరుసటి ఏడు ఆ పోటీ సియాటిల్‌కి వచ్చింది. ఆ రోజుల్లో సియాటిల్ పిల్లలు ప్లైవుడ్ ముక్కలతో చిన్న చిన్న హైడ్రోప్లేన్లు చేసి, సైకిలు వెనక తాడు కట్టి వీధుల్లో లాక్కుపోయేవాళ్ళు. మీ అమ్మాయి ఇప్పుడు అడుగుతున్నది ఆ పిల్లలు అడిగిందే. కెంట్‌లో హైడ్రోప్లేన్ అండ్ రేస్‌బోట్ మ్యూజియం ఉంది. కట్టడం మొదలుపెట్టే ముందే ఒక శనివారం తీసుకెళ్ళి అసలు పడవల అడుగుభాగం దగ్గర్నుంచి చూపించండి.

అడుగే ఎందుకంటే, ఈ పడవ వేగమందుకున్నాక నీళ్ళని మూడు చోట్ల మాత్రమే తాకుతుంది: రెండు స్పాన్సన్ల వెనక అంచులు, ప్రొపెల్లర్ కింది సగం. మిగతా ఒళ్ళంతా గాల్లోనే ఉంటుంది. కాబట్టి ఆ రెండు స్పాన్సన్లు అచ్చంగా ఒకేలా ఉండాలి. నీళ్ళని తాకే పలక వాలు సాధారణంగా రెండు నుంచి నాలుగు డిగ్రీల మధ్య ఇస్తారు, మీ ప్లానులో ఎంతుంటే అంత పెట్టండి. మూడు డిగ్రీలా మూడున్నరా అన్నది పెద్ద సమస్య కాదు, ఎడమది మూడు, కుడిది మూడున్నర అయితేనే సమస్య. అప్పుడు పడవ తిన్నగా పోదు, రిమోట్‌తో చుక్కానిని ఎంత సర్దినా దారికి రాదు.

మీ వంటింట్లో గ్రానైట్ గట్టు ఉంటే అంతకంటే మంచి బల్ల దొరకదు. దాని మీద పాలిథీన్ షీటు పరిచి ఫ్రేములన్నీ అక్కడే నిలబెట్టండి. స్పాన్సన్లు అతికించేటప్పుడు పడవని గట్టు మీద నిలబెట్టి, రెండు వెనక అంచుల కిందా ఒక విజిటింగ్ కార్డు దూర్చి చూడండి. ఒకవైపు దూరి ఒకవైపు దూరకపోతే జిగురు గట్టిపడకముందే సర్దాలి. అందుకే ఈ ఒక్క పనికి ఐదు నిమిషాల్లో పట్టే ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి వాడే జిగురు) వద్దు, నిదానంగా పట్టేదే వాడండి. కార్డు దూర్చి చూసే పని అమ్మాయికి అప్పజెప్పండి. పిల్లల కళ్ళు నిక్కచ్చిగా ఉంటాయి, ఫరవాలేదులే అని సర్దుకుపోవు.

ఇంకొకటి. అసలు హైడ్రోప్లేన్లు ఎడమకి తిరుగుతూ పోటీ చేస్తాయి, కాబట్టి మలుపులో నీళ్ళని పట్టుకునే రెక్క ఎడమ స్పాన్సన్‌కి ఉంటుంది. మోడల్ పడవల ఓవల్ రేసులు మామూలుగా సవ్యదిశలో, అంటే కుడికి తిరుగుతూ జరుగుతాయి. ఫోటో చూసి ఎడమకి బిగించకండి. మీరు చేరబోయే క్లబ్బులో ఎటు తిరుగుతారో అడిగి, ఆ పక్కన పెట్టండి.

ప్రశ్న: రిటైరయ్యాను. వడ్రంగం మా ఇంటి పని, చిత్రిక, ఉలి చేతికి అలవాటే. కిట్టు చెక్కకి అంత డబ్బెందుకు, ప్లాను ఒక్కటి ఉంటే ఇక్కడి మెరైన్ ప్లైవుడ్‌తోనే కోసుకోలేమా? ఫెవికాల్ చాలదా? (కాకినాడ)

జవాబు: కోసుకోగలరండీ, మీ చేతికి లేజర్ అక్కర్లేదు. ఇబ్బందల్లా బరువు దగ్గరే. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై నీళ్ళకి బాగా తట్టుకుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ ఇక్కడ దాన్ని ఎక్కువగా వాడేది తలుపులకీ వంటింటి అరలకీ, షాపులో దొరికే పల్చటిది కూడా ఎక్కువగా నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. కిట్లలో వాడేది బర్చ్ ప్లై, మూడు మిల్లీమీటర్లు ఫ్రేములకి, ఒకటిన్నర అడుగుకి, ఇంకా పల్చటిది పై కప్పుకి. లెక్క చూడండి: బర్చ్ ప్లై చదరపు మీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్లయితే సుమారు ఒక కిలో. నాలుగు మిల్లీమీటర్లయితే, అదే చెక్క అనుకున్నా, 2.7 కిలోలు. 70 సెంటీమీటర్ల పడవ బ్యాటరీతో సహా రెండు, రెండున్నర కిలోల్లో రావాలని చూస్తున్నప్పుడు ఈ తేడా మోయలేం. కాబట్టి విమానం మోడళ్ళ సామాను అమ్మే చోట బర్చ్ షీట్లు మాత్రం కొనుక్కుని, కోత మీరే కోసుకోండి. కిట్టు డబ్బులో చాలా మిగులుతుంది.

కోసేటప్పుడు ఒక్క సూచన, మీకు తెలిసిందే అయినా కొత్తవాళ్ళ కోసం రాస్తున్నాను. ఎడమ పలక, కుడి పలక రెండూ విడివిడిగా గీసి కోయకండి. రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి రెండు వైపులా జిగురుండే టేపుతో అంటించి ఒకేసారి కోసి, ఒకేసారి చిత్రిక పట్టండి. అప్పుడు తప్పు పోయినా రెండు పక్కలా ఒకేలా పోతుంది, పడవ తిన్నగానే వెళ్తుంది.

జిగురు సంగతి. మామూలు తెల్ల ఫెవికాల్ నీళ్ళలో మెత్తబడుతుంది, వద్దు. ఫెవిక్విక్ తాత్కాలికంగా పట్టి ఉంచడానికి బాగుంటుంది కానీ అది పెళుసు, దెబ్బకి పగులుతుంది. అసలు అతుకులన్నీ ఎపాక్సీతోనే వెయ్యాలి. రెండు ట్యూబుల ఆరల్డైట్‌లో నిదానంగా గట్టిపడే రకం, లేదా ఫైబర్ పనివాళ్ళు వాడే పల్చటి ఎపాక్సీ రెజిన్. త్వరగా పట్టే ఐదు నిమిషాల రకం మాత్రం తడి తగిలే అతుకులకి వాడకండి, నీళ్ళకి తట్టుకోవడంలో అది నిదానం రకం ముందు దిగదుడుపే.

అతికించడం అయిపోయాక, పై కప్పు మూసే ముందు, లోపలంతా పల్చటి ఎపాక్సీ పూయండి. రేసు పడవ లోపలికి ఎంతో కొంత నీళ్ళు రాక మానవు, లోపల పచ్చి చెక్క మిగిలితే అది తాగి తాగి బరువెక్కుతుంది, తర్వాత పొరలు విడిపోతాయి. ఫ్రేముల కోసిన అంచులు చూడండి. అక్కడ రెజిన్ పూసిన నిమిషానికల్లా నిగనిగ పోయి మళ్ళీ పొడిగా కనిపిస్తుంది, అంటే నారల్లోకి లాగేసుకుందన్నమాట. ఇంకో పూత వెయ్యండి. మెరుపు అలాగే నిలిచేదాకా వేస్తూ ఉండాలి.

ఈ పూత సాయంత్రం పూట వెయ్యండి. పొద్దున్నే వేస్తే ఎండ ఎక్కే కొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి బుడగలుగా పైకి తంతుంది, ఎక్కడ చూసినా సూదిబెజ్జాలే. చల్లబడే వేళ వేస్తే లోపలి గాలి ముడుచుకుంటూ రెజిన్‌ని తనే లోపలికి లాక్కుంటుంది.

ప్రశ్న: డీప్ వీ కట్టాను, చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. కానీ స్పీడు పెంచగానే ముక్కు పైకీ కిందికీ కప్పలా గెంతుతోంది. మోటారు తగ్గించమని ఒకరు, ప్రొపెల్లర్ మార్చమని ఒకరు అంటున్నారు. టెన్షన్‌గా ఉంది, ఏం చెయ్యాలి? (వరంగల్)

జవాబు: మోటారుని కదపకండి, ప్రొపెల్లర్ మీద డబ్బు పెట్టకండి. ముందు అడుగు చూద్దాం.

పడవని బోర్లించి టేబులు మీద పెట్టండి. గదిలో లైటు ఆపేసి, 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలుని వెనక కొస నుంచి ముందుకి, అడుగు మీద అంచు ఆనేలా నిలబెట్టండి. స్కేలు వెనక నుంచి ఫోను టార్చి వేసి, కన్ను స్కేలు ఎత్తుకి దించి చూడండి. స్కేలుకీ చెక్కకీ మధ్య వెలుగు గీత ఎక్కడ కనిపిస్తే అక్కడ పల్లమున్నట్టు. ఒక కాగితం మందం తేడా కూడా వెలుగులో దాగదు. వి మధ్య గీతకి ఒక పక్క రెండు మూడు చోట్ల, ఇంకో పక్క రెండు మూడు చోట్ల ఇలాగే చూసి, తేడా ఉన్న చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టండి.

స్కేలు మధ్యలో ఆని, రెండు చివరలా వెలుగు కనిపించిందంటే అడుగు ఉబ్బి ఉందన్నమాట. మీ గెంతుడుకి నేను మొదట అనుమానించేది దీన్నే. వేగంగా పోయే నీళ్ళు ఆ ఉబ్బుని అంటిపెట్టుకుని వంపు తిరుగుతూ పడవ వెనక భాగాన్ని కిందికి లాగుతాయి. దాంతో ముక్కు లేస్తుంది, లేచిన ముక్కు బరువుకి మళ్ళీ పడుతుంది, పడగానే మళ్ళీ అదే వరస. దీనికి వ్యతిరేకంగా, రెండు చివర్లు ఆని మధ్యలో వెలుగు కనిపిస్తే అది గుంట. వెనక కొస దగ్గర అలాంటి గుంట ఉంటే ముక్కు నీళ్ళకి నొక్కుకుపోతుంది, పడవ గెంతదు కానీ వేగం రాదు, మలుపులో ముక్కు నీళ్ళలోకి తవ్వుకుంటుంది.

సరిచెయ్యడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలంతే. ఎమరీ పేపరు వేళ్ళతో పట్టుకుని రుద్దితే వేలు ఎక్కడ నొక్కితే అక్కడ కొత్త పల్లం వస్తుంది. కిటికీలు చేసే షాపులో అల్యూమినియం సెక్షన్ తుంపు ఒకటి, ఒక అడుగు పొడవున్నది అడిగి తెచ్చుకోండి, దానికి 120 నంబరు పేపరు అంటించి దాంతోనే రుద్దండి. ఉబ్బుని కొంత రుద్దండి, పల్లాన్ని ఎపాక్సీలో టాల్కం పౌడరు కలిపి చేసిన ముద్దతో నింపండి, ఆరాక మళ్ళీ రుద్ది మళ్ళీ టార్చి వెయ్యండి. అన్నిటికన్నా ముఖ్యం వెనక వైపు చివరి 20 సెంటీమీటర్లు. వేగంలో పడవ నిలబడేది దాని మీదే.

అడుగు తిన్నగా వచ్చాక వెనక అంచు చూడండి. పెయింటు బాగా పట్టాలని చాలామంది అంచుల్ని గుండ్రంగా రుద్దేస్తారు. బీరువాకి అది అందం, రేసు పడవకి నష్టం. నీళ్ళు అంచు దగ్గర తెగి విడిపోవాలి, గుండ్రంగా ఉంటే విడిపోకుండా చుట్టూ తిరిగి పైకి ఎగబాకుతూ వెనక్కి లాగుతాయి. మీ పడవ వెనక పలకకి టేపు ఒకటి అడుగు కన్నా మిల్లీమీటరు ఎత్తుగా అంటించి, ఆ మూలలో చిక్కటి ఎపాక్సీ నింపండి. గట్టిపడ్డాక టేపు లాగేసి ఆ సెక్షన్ ముక్కతోనే అడుగుకి సమంగా రుద్దండి. వేలికి గీసుకుంటుందేమో అనిపించేంత పదునుగా అంచు రావాలి. రెండు పక్కల అంచులు కూడా వెనక సగభాగంలో ఇలాగే.

ఇదంతా అయ్యాక కూడా గెంతితే అప్పుడు బరువు చూడండి. బ్యాటరీతో సహా పడవని రెండు వేళ్ళ మీద ఎత్తితే, సమతూకం వచ్చే చోటు వెనక కొస నుంచి పొడవులో 28 నుంచి 32 శాతం మధ్య ఉండాలి. వెనక్కి ఉంటే బ్యాటరీని సెంటీమీటరు ముందుకి జరపండి. ఆ తర్వాత ప్రొపెల్లర్ షాఫ్ట్. ముందు దాన్ని అడుగుకి సమాంతరంగా పెట్టి నడపండి, ఇంకా ముక్కు లేస్తుంటే ప్రొపెల్లర్ ఉన్న కొసని అతి కొద్దిగా కిందికి దించండి, తోపుడు వెనక భాగాన్ని ఎత్తి ముక్కుని దించుతుంది. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండూ కలిపి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు.

ప్రశ్న: అంకుల్, నేను ఎనిమిదో తరగతి. నా పడవ ఎంత స్పీడు వెళ్తుందో కట్టకముందే లెక్క వెయ్యొచ్చా? (గుంటూరు)

జవాబు: వెయ్యొచ్చు నాన్నా, నీకొచ్చిన లెక్కలు చాలు. మోటారు మీద కేవీ అని ఒక అంకె ఉంటుంది. బరువేమీ లేకుండా ఒక్క వోల్టుకి నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో అది చెప్తుంది. 2000 కేవీ మోటారుకి నాలుగు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టామనుకో, 14.8 వోల్టులు, అంటే 29,600 చుట్లు. ఇప్పుడు ప్రొపెల్లర్. ఆక్టూరా కంపెనీ ఎక్స్442 తీసుకుందాం. చివరి రెండంకెలు వ్యాసం, 42 మిల్లీమీటర్లు. ముందున్న 4, పిచ్ వ్యాసానికి 1.4 రెట్లని చెప్తుంది, అంటే 58.8 మిల్లీమీటర్లు. ఒక్క చుట్టుకి జారకుండా అంత ముందుకి వెళ్తే, నిమిషానికి 1,740 మీటర్లు, గంటకి 104 కిలోమీటర్లు.

కానీ నీళ్ళలో ప్రొపెల్లర్ జారుతుంది, బరువు పడేసరికి మోటారు చుట్లు తగ్గుతాయి, బ్యాటరీ వోల్టేజీ కూడా పడుతుంది. ఆ లెక్కలో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకా వస్తే, అంటే 70, 78 మధ్య వస్తే, పడవ బాగా కట్టినట్టే. చిన్న జీపీఎస్ పడవలో పెట్టి కొలువు. నీ లెక్కకీ జీపీఎస్ అంకెకీ తేడా ఎంతుందో నోటుబుక్కులో రాసుకుంటూ ఉండు, అడుగు రుద్దిన ప్రతిసారీ ఆ తేడా తగ్గుతుందేమో చూడు.

ప్రొపెల్లర్ పెద్దది వేస్తే స్పీడు పెరుగుతుందని వెంటనే అనిపిస్తుంది. పెరిగేది ముందు కరెంటు, దాంతో వేడి. ఒక నిమిషం నడిపి ఒడ్డుకి తెచ్చి, బ్యాటరీ తీగ పీకేశాక మోటారు ముట్టుకో. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే చిన్న ప్రొపెల్లర్‌కి దిగాలి. నీకు మొదటి ఏడాది మూడు సెల్లులు, 11.1 వోల్టులు చాలు. ఛార్జింగ్ మాత్రం అమ్మో నాన్నో పక్కన ఉన్నప్పుడే పెట్టు.

ప్రశ్న: ఫ్లెక్స్ షాఫ్ట్ రెండోసారి తెగింది. నాసిరకం వచ్చిందా? (విశాఖపట్నం)

జవాబు: కావచ్చు, కానీ కొత్తది కొనేముందు రెండు విషయాలు చూడండి. ఫ్లెక్స్ షాఫ్ట్ అంటే మోటారు నుంచి ప్రొపెల్లర్‌ని తిప్పే, తీగలు మెలిపెట్టిన కేబులు. మోటారు తిరిగే దిశలో ఆ మెలిక బిగుసుకోవాలి. మీరు మోటారు కరెంటు తీగలు మార్చి దాన్ని రెండో దిశలో తిప్పుతుంటే మెలిక విడిపోయి తెగుతుంది. రెండోది, బరువు పడ్డప్పుడు బిగుసుకున్న కేబులు పొడవు తగ్గుతుంది. ప్రొపెల్లర్ ముందున్న డ్రైవ్ డాగ్‌కీ (ప్రొపెల్లర్‌ని పట్టి తిప్పే ముక్క) స్ట్రట్‌కీ (పడవ వెనక షాఫ్ట్‌ని పట్టి ఉంచే బ్రాకెట్టు) మధ్య మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ఖాళీ లేకపోతే అది స్ట్రట్‌ని నొక్కుకుని రాపిడికి వేడెక్కుతుంది. ప్రతి రోజు ఆట అయ్యాక కేబులు బయటికి లాగి తుడిచి మెరైన్ గ్రీజు రాయండి. మీరు సముద్రం పక్కన ఉన్నారు, ఉప్పునీళ్ళలో వేస్తే ఆ పని మర్నాటికి వాయిదా వెయ్యకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్. పడవ పిచ్చి పట్టుకుంది, మంచిదేలెండి, ఫోను వదిలాడు. కానీ ఆ బ్యాటరీలు అంటుకుంటాయని విన్నాను, పైగా చెరువు దగ్గరికి వెళ్తాడు. నాకు భయంగా ఉంది. (హైదరాబాద్)

జవాబు: అమ్మా, మీ భయంలో అర్థముంది, ఇది ఆ అబ్బాయి చేత కూడా చదివించండి.

చెరువు గురించి ముందు. పడవ మధ్యలో ఆగిపోతే దాని కోసం నీళ్ళలోకి దిగకూడదు. ఈత వచ్చినా సరే. మన చెరువుల్లో అడుగున పూడిక మట్టి మోకాలి దాకా దిగబడుతుంది, గుర్రపుడెక్క వేళ్ళు కాళ్ళకి చుట్టుకుంటాయి, ఎక్కడ లోతో పైకి తెలియదు. పడవ పోతే పోనివ్వాలి. దాన్ని తెచ్చుకోవడానికి గాలపు దారానికి టెన్నిస్ బంతి కట్టి పడవ అవతలికి విసిరి, మెల్లగా లాక్కోవచ్చు. గాలి ఒడ్డు వైపు వీస్తుంటే అరగంట ఆగితే తనంతట తనే వస్తుంది. ఒక్కడూ వెళ్ళకూడదు. జనం స్నానాలు చేసే చోట, పడవలు తిరిగే చోట, పక్షులు వాలి ఉన్నప్పుడు వెయ్యకూడదు, ఆ వేగంలో ప్రొపెల్లర్ కత్తే. చెరువు ఎవరి అధీనంలో ఉంటే వాళ్ళని అడిగే వెయ్యాలి. ముక్కులోనూ పక్కలకీ ఫోము ముక్కలు దట్టించి, మూత చుట్టూ టేపు వేస్తే, బోల్తా పడ్డా మునగదు. అలా కట్టుకుంటే నీళ్ళలోకి దిగాలన్న తొందరే ఉండదు.

రేడియోకి ఫెయిల్‌సేఫ్ పెట్టుకున్నాడా అని అడగండి. అంటే చేతిలో రిమోట్ ఆగిపోయినా, సిగ్నల్ అందకపోయినా, మోటారు తనే ఆగిపోవాలి. ప్రొపెల్లర్ విప్పేసి, పడవని స్టాండు మీద పెట్టి, మోటారు తిరుగుతుండగా రిమోట్ ఆపేసి మీ ముందు చూపించమనండి. 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీళ్ళలో పోదు, అందుకని రిసీవర్ యాంటెన్నా పడవలో ఎత్తుగా నిలబడి ఉండాలి.

లైపో బ్యాటరీ సరిగ్గా వాడితే నమ్మకంగానే పనిచేస్తుంది. మనిషి లేనప్పుడు, రాత్రి నిద్రపోతూ ఛార్జింగ్ పెట్టొద్దు. మంచం మీద, సోఫా మీద కాదు, వట్టి నేల మీద పెట్టాలి, దగ్గర్లో బకెట్టు ఇసుక ఉంచండి. సెల్లులన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జరే వాడాలి, 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్లు చాలు. ఒక్కో సెల్లు నిండితే 4.2 వోల్టులు, ఆటలో 3.3 కన్నా కిందికి పోనివ్వకూడదు, వారం పైన వాడకపోతే 3.8 దగ్గర ఉంచి దాచాలి. ఉబ్బిన బ్యాటరీ ఎంత ఖరీదైనదైనా మళ్ళీ వాడకూడదు. ఊరికి విమానంలో వెళ్తే విడి బ్యాటరీలు చెక్-ఇన్ సామానులో పెట్టనివ్వరు, చేతిసంచిలోనే, అదీ ఎయిర్‌లైన్స్ నిబంధన చూసుకుని.

ప్రశ్న: వానాకాలంలో పూసిన రెజిన్ గట్టిపడింది కానీ పైన జిడ్డుగా ఉంది. మొత్తం గీకెయ్యాలా? (రాజమహేంద్రవరం)

జవాబు: అక్కర్లేదు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు కొన్ని ఎపాక్సీల పైన మైనంలాంటి పొర తేలుతుంది. గోరువెచ్చటి నీళ్ళతో, పాత్రలు తోమే పచ్చ స్క్రబ్బరుతో కడిగి, ఆరాక ఎమరీ పేపరు కొట్టండి. కడగకుండా ముందే పేపరు కొడితే ఆ మైనం లోపలికి రుద్దుకుపోయి, పెయింటు పొరలుగా ఊడుతుంది. రెండు రోజులైనా గోరు దిగుతోందంటే మాత్రం అది తేమ కాదు, రెజిన్, హార్డెనర్ పాళ్ళు తప్పాయి, అది గీకాల్సిందే. కంటి అంచనాతో కాకుండా బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ తక్కెడ మీద, డబ్బా మీద రాసిన పాళ్ళలో కలుపుకోండి. డబ్బా మీద ఇచ్చింది బరువు లెక్కా, మిల్లీలీటర్ల లెక్కా అన్నది చదువుకోండి, రెండూ ఒకటి కావు.

ప్రశ్న: పెయింటు ఏ రంగు వెయ్యాలి? (కర్నూలు)

జవాబు: పైన మీకు నచ్చిన రంగు. అడుగుకి మాత్రం నారింజో, మెరిసే పసుపుపచ్చో వెయ్యండి, ఎందుకంటే వంద మీటర్ల అవతల బోల్తా పడ్డప్పుడు కనిపించేది అడుగే. కార్లకి వాడే స్ప్రే పెయింటు ఎలక్ట్రిక్ పడవకి సరిపోతుంది. ముందు ప్రైమర్ పల్చగా కొట్టి, అది ఆరాక పక్క నుంచి వెలుతురు పడేలా చూడండి, ఎపాక్సీలో మిగిలిన సూదిబెజ్జాలన్నీ అప్పుడు బయటపడతాయి. వాటిని పూడ్చాకే రంగు. పొరలు ఎక్కువ వెయ్యకండి, పెయింటు కూడా బరువే.